అతుకు బాగానే ఉంది, పక్కన ఇనుమే విరిగింది: పాత ఇంజిన్‌కి ఉక్కు కాలు

ఈ ఎపిసోడ్ ఒక ఫొటోతో మొదలుపెడదాం. వీడియో చూడకుండా ఇక్కడ చదువుతున్నవాళ్ల కోసం ఫొటోలో ఏముందో చెప్తాను. ఒంటి సిలిండర్ పాత డీజిల్ ఇంజిన్. రెండు పక్కలా పెద్ద పెద్ద ఫ్లైవీల్స్. ఇలాంటివి ఇంగ్లండ్‌లో లిస్టర్ కంపెనీ మొదలుపెడితే, తర్వాత మన దేశంలో రాజ్‌కోట్‌లో అదే మోడల్‌లో బోలెడు తయారయ్యాయి. మీ తాతగారి ఊళ్లో పిండి మర దగ్గరో, పొలంలో మోటారు షెడ్డులోనో డుగ్ డుగ్ డుగ్ అని మోగేది, అదే. అది కింద నాలుగు కాళ్ల మీద నిలబడి ఉంటుంది. ఫొటోలో ఆ నాలుగు కాళ్లలో ఒకటి విరిగిపోయింది. విరిగిన చోట ఒక ఉక్కు పలక పెట్టి వెల్డింగ్ వేశారు.

ఇప్పుడు జూమ్ చేస్తున్నాను చూడండి. వెల్డింగ్ లైను నీట్‌గా ఉంది. ఎక్కడా విరగలేదు. కానీ దానికి సరిగ్గా మూడు నాలుగు మిల్లీమీటర్లు పక్కన, ఇంజిన్ బాడీ వైపు, వెల్డింగ్‌కి సమాంతరంగా దారం లాంటి పగులు. ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు.

ఈ ఫొటో పంపిన తమ్ముడిది అనకాపల్లి దగ్గర ఊరు. వాళ్ల నాన్నగారు చెరకు ఆడించి బెల్లం వండుతారు. ఇంజిన్ ఆగింది సీజన్ మధ్యలో. నరికిన చెరకు ఊరికే పడి ఉంటే రోజురోజుకీ తీపి తగ్గుతుంది, రసం తగ్గుతుంది, బెల్లం సరిగ్గా గట్టిపడదు. అంటే ఇక్కడ ఆగింది ఇంజిన్ ఒక్కటే కాదు. ఆ తమ్ముడు అడిగిన ప్రశ్న ఏంటంటే, "అన్నా, వెల్డర్ మమ్మల్ని మోసం చేశాడా? సాయంత్రం వెల్డింగ్ పెట్టాడు, రాత్రి పడుకున్నాక షెడ్డులోంచి టక్ అని సౌండ్ వచ్చింది. పొద్దున చూస్తే ఇది. ఇంజిన్ ఆన్ కూడా చెయ్యలేదు."

చివరి మాట గమనించారా? ఆన్ కూడా చెయ్యలేదు. బరువు లేదు, అదురు లేదు. ఖాళీగా ఉన్న ఇంజిన్ అర్ధరాత్రి దానంతట అదే పగిలింది. ఇది వింటే మోసమనో, దిష్టి అనో అనిపిస్తుంది. రెండూ కాదు. ఆ వెల్డర్ గారితో కూడా ఫోన్‌లో మాట్లాడాను. ఆయన ఒకటే మాట అన్నారు: "బాబూ, ఇదే రాడ్డుతో గేట్లు, గ్రిల్లులు, ట్రాక్టరు ట్రాలీలు ఎన్ని చేశానో లెక్కలేదు. ఒక్కటి తిరిగి రాలేదు." ఆయన చెప్పింది నిజమే. అసలు పాయింట్ కూడా అదే. గేటు ఉక్కు, ట్రాలీ ఉక్కు. ఈ ఇంజిన్ బాడీ ఉక్కు కాదు.

పోత ఇనుము. కాస్ట్ ఐరన్. షాపుల్లో మామూలుగా 'కాస్టింగ్' అనేస్తారు.

పోత ఇనుమంటే ఏంటో మీకు తెలుసు, మీ వంటింట్లో ఉంది. దోసెల పెనం. ఇప్పుడు మళ్లీ ఫ్యాషన్ అయింది కదా, పోత ఇనుప పెనాలు ఆన్‌లైన్‌లో తెగ కొంటున్నారు. అది చేయి జారి గచ్చు మీద పడితే ఏమవుద్ది? వంగదు, సొట్ట పడదు, విరుగుద్ది. అదే రేకు పెనం అయితే సొట్ట పడుద్ది. మొత్తం కథ ఆ ఒక్క తేడాలో ఉంది.

కొంచెం లోపలికి వెళ్దాం. నేను చదివిన బీటెక్ మెకానికల్, చేసింది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మన రాష్ట్రాల్లో ఇదేం వింత కాదు. రెండో సంవత్సరంలో ఐరన్ కార్బన్ డయాగ్రామ్ అని ఒకటి ఉంటుంది. పరీక్షలో గీసి మార్కులు తెచ్చుకుని అందరం మర్చిపోతాం. అది గీసిన ఎవరైనా, ఆ షెడ్డులో రాత్రి వచ్చిన 'టక్' సౌండ్ ఆ డయాగ్రామ్‌దే అని ఊహిస్తారా?

మామూలు ఉక్కులో, అంటే మైల్డ్ స్టీల్‌లో, కార్బన్ సుమారు 0.2 శాతం ఉంటుంది. పోత ఇనుములో 2.5 నుంచి 4 శాతం దాకా. పది ఇరవై రెట్లు. అంత కార్బన్ ఇనుములో కరిగి ఉండలేదు. అందుకని సన్నటి రేకుల్లా, గ్రాఫైట్‌గా విడిపోయి ఉంటుంది. పెన్సిల్ ములుకులో ఉండేది అదే. మైక్రోస్కోప్‌లో చూస్తే బూడిద రంగు ఇనుములో నల్లటి చీలికలు చీలికలుగా కనపడుద్ది. ఒక రకంగా పోత ఇనుము పుట్టుకతోనే లోపల లక్షల పగుళ్లతో పుడుతుంది. నొక్కితే ఆ చీలికలు మూసుకుంటాయి కాబట్టి బ్రహ్మాండంగా మోస్తుంది. లాగితే తెరుచుకుంటాయి. అందుకే పోత ఇనుము నొక్కుడుకి తట్టుకునే బలం, లాగుడుకి తట్టుకునే బలం కంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువ. మైల్డ్ స్టీల్‌ని లాగితే తెగే లోపు ఇరవై శాతం పైన సాగుతుంది. మామూలు పోత ఇనుము ఒక్క శాతం కూడా సాగదు.

ఇప్పుడు వెల్డింగ్ దగ్గరికి రండి. మామూలు ఉక్కు రాడ్డు, అంటే షాపుల్లో దొరికే 6013, పోత ఇనుము మీద కరిగించారు. రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. ఒకటి, కరిగిన ఉక్కు పక్కనున్న పోత ఇనుములోంచి కార్బన్‌ని పీల్చుకుంటుంది. మెత్తగా ఉండాల్సిన ఉక్కు కాస్తా గట్టిపడుతుంది. డ్రిల్ బిట్ కూడా దిగదు, జారిపోద్ది. రెండోది ఇంకా పెద్దది. వెల్డింగ్‌కి ఆనుకుని ఉన్న పోత ఇనుము ఎర్రగా కాలి, వెంటనే చల్లారుతుంది. ఎందుకంటే చుట్టూ వందల కిలోల చల్లటి ఇనుము ఉంది, అది వేడిని గబగబా లాగేస్తుంది. ఒక రకంగా నీళ్లలో ముంచినట్టే. కార్బన్‌కి తిరిగి గ్రాఫైట్‌గా విడిపోయే టైమ్ దొరకదు. అక్కడ మార్టెన్‌సైట్ అని, తెల్ల ఇనుము అని గాజులాంటి పొర తయారవుద్ది. ఒకటి రెండు మిల్లీమీటర్ల మందం, అంతే.

ఈలోగా వెల్డింగ్ చల్లారుతూ కుంచించుకుపోతుంది. పక్కవాటిని తన వైపు లాగుతుంది. ఉక్కు పలక అయితే కొంచెం సాగి సర్దుకుంటుంది. పోత ఇనుముకి సాగడం రాదు. ఆ గాజు పొరకి అసలే రాదు. ఎక్కడ పగలాలి? ఫొటోలో చూసిన చోటే. వెల్డింగ్‌లో కాదు, దాని పక్కన. అర్ధరాత్రి ఎందుకంటే, పూర్తిగా చల్లారేదాకా లాగుడు పెరుగుతూనే ఉంటుంది.

చాలామంది ఇక్కడ ఒక మాట అంటారు: "ఉక్కు, పోత ఇనుము వేరే వేరేగా వ్యాకోచిస్తాయి, అందుకే అతకవు" అని. నేను ఒప్పుకోను. ఒక్కో డిగ్రీకి ఉక్కు మీటరుకి సుమారు 12 మైక్రాన్లు పెరిగితే, పోత ఇనుము 11కి అటూ ఇటూ పెరుగుతుంది. ఆ చిన్న తేడాకే పగిలేట్టయితే పోత ఇనుప బాడీకి ఉక్కు బోల్టులు బిగించే ఇంజిన్లన్నీ ఈపాటికి పగిలిపోవాలి. అసలు గొడవ ఆ గట్టిపడిన పొర, ఇంకా సాగని గుణం.

మరి దీనికి దారి లేదా? ఉంది. వందేళ్ల కిందటే ఇంతకంటే చాలా పెద్ద ఇంజిన్ల మీద చేశారు. నాకు బాగా ఇష్టమైన కథ ఇది, కొంచెం టైమ్ తీసుకుంటాను.

మొదటి ప్రపంచ యుద్ధం. 1914లో యుద్ధం మొదలవగానే జర్మన్ ప్రయాణికుల ఓడలు బోలెడు అమెరికా రేవుల్లో ఇరుక్కుపోయాయి. బయటికొస్తే బ్రిటిష్ నేవీ పట్టుకుంటుంది. అలాగే రెండున్నరేళ్లు కట్టేసి ఉన్నాయి. 1917లో అమెరికా కూడా యుద్ధంలోకి దిగబోతోందని తెలియగానే, ఓడల్లో ఉన్న జర్మన్ సిబ్బంది ఒక పని చేశారు. ఓడల్ని ముంచలేదు. ఇంజిన్ రూముల్లోకి దిగి, ఆవిరి ఇంజిన్ల పోత ఇనుప సిలిండర్లని బరువైన వాటితో బాది పగలగొట్టారు. వాళ్లూ ఇంజినీర్లే కదా, ఎక్కడ కొట్టాలో తెలుసు. వాళ్ల లెక్క సింపుల్. పోత ఇనుము అతకదు. కొత్త సిలిండర్లు పోతపోసి, చెక్కి, బిగించాలంటే ఏడాది పైనే. ఈలోగా యుద్ధం అయిపోతుంది.

అమెరికా నేవీలో కెప్టెన్ ఎర్ల్ జెస్సప్ అనే ఇంజినీరు, న్యూయార్క్ నేవీ యార్డులో, ఎలక్ట్రిక్ వెల్డింగ్‌తో చేద్దాం అన్నాడు. అప్పటికి ఆర్క్ వెల్డింగ్ మీద ఎవరికీ పెద్దగా నమ్మకం లేదు. మన షెడ్డులో జరిగినట్టే జరుగుద్దని భయం. వాళ్లు చేసిన ట్రిక్ ఏంటంటే, పగిలిన అంచుని ఏటవాలుగా చెక్కి, ఆ చెక్కిన ముఖంలో డ్రిల్ వేసి, మరలు తీసి, ఉక్కు స్టడ్లు బిగించారు. తల లేని బోల్టుల్లాంటివి, ఒక వరుస కాకుండా అటూ ఇటూగా. ఒక కొస పోత ఇనుములోకి లోతుగా దిగి ఉంటుంది, ఇంకో కొస కొంచెం బయటికి పొడుచుకుని ఉంటుంది. ఆ కొసల్ని కలుపుతూ మొత్తం ఉక్కు వెల్డింగ్‌తో నింపారు. ముక్కలు పోయిన చోట ఉక్కు ముక్క తయారు చేసి అతికించారు.

ఇందులో తెలివి చూడండి. వెల్డింగ్ పక్కన గాజు పొర అప్పుడూ వచ్చే ఉంటుంది. కానీ బరువు ఆ పొర మీదుగా పోవట్లేదు. స్టడ్ మరల ద్వారా లోపలున్న మంచి ఇనుములోకి పోతోంది. ఏడాది అనుకున్నది నెలల్లో అయిపోయింది. ఆ ఓడలే అమెరికా సైనికుల్ని లక్షల్లో యూరప్‌కి మోశాయి. వాటిలో ఒకదాని పేరు జార్జ్ వాషింగ్టన్. పేరు అమెరికన్‌ది, ఓడ మాత్రం జర్మన్లు కట్టిందే. 1918 డిసెంబర్‌లో అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ శాంతి చర్చలకి పారిస్ వెళ్లింది ఆ ఓడలోనే.

సరే, అనకాపల్లికి వద్దాం. ఇప్పుడు మన దగ్గర 1917లో లేనిది ఇంకోటి ఉంది. నికెల్ రాడ్డు.

నికెల్ ప్రత్యేకత ఏంటంటే, కార్బన్‌తో కలిసి గట్టి కార్బైడ్లు చెయ్యదు. ఎక్కువైన కార్బన్‌ని గ్రాఫైట్‌గా బయటికి నెట్టేస్తుంది. అలా గ్రాఫైట్ విడిపోయేటప్పుడు కొంచెం ఉబ్బుతుంది కాబట్టి వెల్డింగ్ కుంచించుకుపోవడం కూడా కాస్త తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యం, వెల్డింగ్ మెత్తగా ఉంటుంది. లాగుడు వస్తే పక్కనున్న పోత ఇనుము బదులు తనే సాగుతుంది. షాపుల్లో రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి దాదాపు మొత్తం నికెల్. రెండోది సుమారు 55 శాతం నికెల్, మిగతాది ఎక్కువగా ఇనుము. వెల్డింగ్ పెట్టాక లేత్ మీద చెక్కాలి, డ్రిల్ వెయ్యాలి అంటే మొదటిది మంచిది. పోత ఇనుముకి ఉక్కు అతకాలి, మందం ఎక్కువ, బరువు మోయాలి అంటే రెండోది. దానికి బలం ఎక్కువ. పైగా కొంచెం చవక. కొంచెమే. మామూలు రాడ్డుతో పోలిస్తే రెండూ ఖరీదే, అందుకే గ్రిల్లుల షాపుల్లో ఉండవు. మన వెల్డర్ గారి దగ్గర లేకపోవడానికి కారణం అదే, ఆయన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. గేట్లు చేసేవాళ్లకి దాంతో పనేంటి?

కానీ రాడ్డు కొనేసి యథావిధిగా వేస్తే మళ్లీ పగులుద్ది. ఇది గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే చాలా వీడియోల్లో "ఈ రాడ్ వాడండి చాలు" అని ముగించేస్తున్నారు. నికెల్ రాడ్డు పెట్టినా పక్కన గాజు పొర వస్తుంది. తక్కువ వస్తుంది, అంతే. మిగతాది చేతిలో ఉంటుంది.

మొదట అది నిజంగా పోత ఇనుమేనా చూసుకోవాలి. గ్రైండర్ పెట్టండి. ఉక్కు అయితే పొడుగ్గా, పసుపు తెలుపులో, చిచ్చుబుడ్డిలా నిప్పురవ్వలు. పోత ఇనుము అయితే పొట్టిగా, ఎర్రగా, డల్‌గా వస్తాయి. డ్రిల్ వేస్తే ఉక్కు రిబ్బన్లా చుట్టుకుంటూ వస్తుంది, పోత ఇనుము నల్లటి పొడి రాలుస్తుంది. విరిగిన ముఖం మీద వేలు రాస్తే మసి అంటుకుంటుంది, అది గ్రాఫైట్. ఒకవేళ విరిగిన ముఖం తెల్లగా మెరుస్తుంటే అది తెల్ల ఇనుము, దాని మీద వెల్డింగ్ ఆశ వదిలేయండి. ఏళ్ల తరబడి మంటలో కాలిన పోత ఇనుము కూడా అంతే, బెల్లం పొయ్యి కింద ఉండే కమ్మీల లాంటివి. లోపలిదాకా తుప్పు దిగి ఉంటుంది, దాన్ని రాడ్డు పట్టుకోదు.

తర్వాత నూనె. ముప్పై నలభై ఏళ్లు ఆయిల్‌లో నానిన ఇంజిన్ ఇది. ఆయిల్ ఆ గ్రాఫైట్ చీలికల్లోకి ఇంకిపోయి ఉంటుంది. పైన పెట్రోలుతో తుడిస్తే పోదు. టార్చితో కాచి, పొగ రావడం ఆగేదాకా కాల్చాలి. అయినా మొదటి పొర వెల్డింగ్ బుడగలు బుడగలుగా వస్తే, కంగారు పడకుండా దాన్ని చెక్కేసి మళ్లీ వెయ్యాలి. చెక్కడానికి గ్రైండర్ రాయి కంటే ఆకురాయి, ఉలి మేలు. రాయి గ్రాఫైట్‌ని ముఖమంతా పులుముతుంది. ముందే వేసిన 6013 అంతా పూర్తిగా తీసెయ్యాలి. ఆ పగిలిన గట్టి పొర కూడా పోవాలి. దాని మీద ఇంకో వెల్డింగ్ వెయ్యడమంటే పగులు మీద ప్లాస్టర్ వేసినట్టే.

ఇక వేడి. ఇక్కడ రెండు పద్ధతులున్నాయి. ఒకటి, మొత్తం కాస్టింగ్‌ని 250, 300 డిగ్రీలు లేదా అంతకంటే ఎక్కువ వేడి చేసి, ఆ వేడి మీదే వెల్డింగ్ వేసి, బూడిదలోనో పొడి ఇసుకలోనో కప్పి రాత్రంతా నెమ్మదిగా చల్లార్చడం. చల్లారడం నెమ్మదిగా జరిగితే గాజు పొర పెద్దగా రాదు. మంచి పద్ధతి. కానీ మొత్తం ఇంజిన్ విప్పి బాడీని పొయ్యిలో పెట్టాలి. సీజన్ మధ్యలో జరిగే పని కాదు. ఒక మూల మాత్రం టార్చితో బాగా కాచితే, ఆ మూల ఉబ్బి ఇంకో మూల పగలొచ్చు.

రెండోది చల్లగా వెయ్యడం. సన్న రాడ్డు, తక్కువ కరెంటు. ఒక అంగుళం వేసి ఆపెయ్యాలి. వేడిగా ఉన్నప్పుడే గుండ్రటి మొహం సుత్తితో దాని మీద టకటకా చిన్న దెబ్బలు. పగలగొట్టడానికి కాదు, కుంచించుకుపోతున్న వెల్డింగ్‌ని సాగదియ్యడానికి. తర్వాత పక్కన చెయ్యి పెట్టగలిగేంత చల్లారేదాకా ఆగాలి. అప్పుడు ఇంకో అంగుళం, దాని పక్కన కాదు, దూరంగా. నీళ్లు పొయ్యకూడదు, ఫ్యాను పెట్టకూడదు. అరగంట పని పూటంతా పడుతుంది. మన వెల్డర్ గారు ఇది విని నవ్వారు. "బాబూ, ఇది వెల్డింగా, వెయిటింగా?" అని. ఆ మాట నాకు భలే నచ్చింది.

ఉక్కు పలక విషయంలో ఇంకోటి చెప్పాలి. ముందు పోత ఇనుము ముఖం మీద మాత్రమే నికెల్ పొర వెన్న రాసినట్టు రాసుకోవాలి, ఇందాక చెప్పినట్టు అంగుళం అంగుళంగా. ఈ పొర పడేటప్పుడు పలక అక్కడ లేదు కాబట్టి ఎవరూ ఎవర్నీ లాగట్లేదు. అది కుదురుకున్నాక పలకని పెట్టి, నికెల్ పొరకీ ఉక్కుకీ అతుకు వెయ్యాలి. అప్పుడు లాగుడంతా మెత్తటి నికెల్ మీద పడుతుంది.

కానీ నిజం చెప్పాలంటే, ఈ ఇంజిన్‌కి నేను వెల్డింగ్ ఒక్కదాన్నే నమ్మలేదు. ఒంటి సిలిండర్ ఇంజిన్ ప్రతి తిరుగుడుకీ కాలిని పీకుతూనే ఉంటుంది. అందుకే లేత్ షాపులో మందపాటి ఉక్కు బ్రాకెట్ చేయించి, ఇంజిన్ బాడీకి నాలుగు బోల్టులతో పట్టించమన్నాను. గోడ మందం చాలినంత ఉందో లేదో, లోపల ఆయిల్ సంపు ఎక్కడుందో విప్పి చూసుకున్నాకే డ్రిల్. బరువు బోల్టులు మోస్తాయి, నికెల్ అతుకు బ్రాకెట్ కదలకుండా పట్టుకుంటుంది. ఓడల స్టడ్ల ఐడియాకి ఇది చిన్న తమ్ముడు. వెల్డింగ్ అసలే వద్దనుకుంటే బ్రాకెట్, బోల్టులు మాత్రమే పెట్టి కూడా నడపొచ్చు. ఇత్తడి రాడ్డుతో గ్యాస్ మీద బ్రేజింగ్ కూడా పాత మంచి పద్ధతే. అందులో పోత ఇనుము కరగదు, 900 డిగ్రీల దగ్గరే పని అయిపోద్ది. కాకపోతే అంత పెద్ద ముద్దని ఎర్రగా కాచే గ్యాస్ సెటప్, చేసే చెయ్యి దొరకాలి.

ఇంకో ప్రశ్న ఎవరూ అడగలేదు. అసలు కాలు ఎందుకు విరిగింది? వీడియో కాల్‌లో మిగతా మూడు కాళ్ల బోల్టులు విప్పించాను. ఒక కాలి కింద సందు ఉంది, కాంక్రీటు దిమ్మె ఒక మూల కుంగింది. అలా సందున్న చోట బోల్టు బిగిస్తే కాలు కిందకి వంగాలి. ఉక్కయితే వంగేది. ఇది వంగలేదు. కాబట్టి దిమ్మె సరిచేసి, సందుల్లో రేకు ముక్కలు పెట్టి లెవెల్ చూశాకే కొత్త కాలు బిగించారు. అది చెయ్యకపోతే ఎంత మంచి రాడ్డు అయినా ఆ వరసలో తర్వాతి కాలు విరిగేది.

మూడు వారాలుగా ఇంజిన్ నడుస్తోంది. రోజూ పొద్దున స్టార్ట్ చేసే ముందు అతుకు పక్కన సుద్దముక్క రాసి, పగులు తేలుతుందేమో చూడమన్నాను. ఇంతవరకూ లేదు. సీజన్ పూర్తయ్యేదాకా ఇది గెలిచిందని నేను అనను.

ఆఖరుగా, ఆ తమ్ముడు నిన్న ఇంకో మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఫ్లైవీల్ ఆకు మీద కూడా సన్న గీత ఉంది, నికెల్ రాడ్డు ఇంకా మిగిలింది, అదీ వేసేద్దామా?" వద్దు. ఈ మాట కామెంట్లలో పిన్ చేసి పెడుతున్నాను. తిరిగే చక్రంలో లాగుడు, స్పీడు రెట్టింపయితే నాలుగు రెట్లవుతుంది. పోత ఇనుముకి లాగుడే పడదని చెప్పుకున్నాం కదా. అది విడిపోతే ముక్కలు షెడ్డు రేకులు చీల్చుకుని పోతాయి, పక్కనే చెరకు అందించే మనిషి నిలబడి ఉంటాడు. ఫ్లైవీల్, చైన్ బ్లాక్ కొక్కెం, వాహనం స్టీరింగ్, బ్రేక్ భాగాలు, ప్రెషర్ ఉండే వాటికి ఊరి షాపులో అతుకు వద్దు, మార్చడమే. ఆ గీత నిజంగా పగులో, పెయింటు గీతో చూడటానికి కిరోసిన్ పూసి, తుడిచి, సుద్ద రాయమన్నాను. పగులైతే కిరోసిన్ సుద్దలోకి తడిగా ఊరి గీత పడుతుంది. సాయంత్రం ఫొటో పంపుతానన్నాడు, అప్పటిదాకా ఇంజిన్ స్టార్ట్ చెయ్యొద్దని నాన్నగారితో కూడా మాట్లాడాను.

మీ ఊళ్లో ఇలాంటి పాత మెషిన్లు ఉంటే ఫొటోలు పంపండి. వెల్డింగ్ ఫొటో కాదు, విరిగిన ముఖం ఫొటో, దగ్గర నుంచి, పగటి వెలుగులో. వచ్చే ఎపిసోడ్‌లో అసలు వేడే పెట్టకుండా పగులుని కుట్టే పద్ధతి, మెటల్ స్టిచ్చింగ్, చూద్దాం.